పిల్లల బొమ్మల్లో ఇల్లూ, ఋతువులూ

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, శాతవాహనుల గురించో, శ్రీకృష్ణదేవరాయల గురించో వ్రాస్తానని అనుకొని ఉంటారు. మహారాజుల చరిత్ర వ్రాసేవారు చాలామంది ఉన్నారు. చొక్కా తొడుక్కున్న ఎలుకకూ, గొడుగు పట్టుకొన్న కప్పకూ, మీసాలున్న సూర్యుడికీ చరిత్రకారులు లేరు. పిల్లల కోసం పెద్దలు వేసిన కొంటెబొమ్మలు, పిల్లలు తమకోసం తాము వేసుకొనే వింతబొమ్మలు మన తెలుగునాట ఎక్కడ పుట్టాయి, మస్కటులో పెరుగుతున్న మన మనుమలకూ మనుమరాళ్ళకూ అవి ఏ దారిన అందుతాయి అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

మా తాతగారు కోనసీమలో ప్రాథమిక పాఠశాల పంతులు. మా నాన్నగారు హైస్కూలులో తెలుగు మాష్టారు. ఆ వరసలో నేను మూడో తరం. ఇక్కడి బడుల్లో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి, ఇప్పుడు సాయంకాలంపూట తెలుగు తరగతి నడుపుతున్నాను. కనుక చదువరులు కొంచెం బడిపంతులు ధోరణిని సహించక తప్పదు.

ఈ విషయం మీద ఆలోచన ఎందుకు కలిగిందో ముందు చెబుతాను. మా తరగతిలో పిల్లలను చలికాలం బొమ్మ వేయమంటే, పదకొండు మందిలో తొమ్మండుగురు మంచుమనిషిని వేశారు. ముక్కు స్థానంలో క్యారెట్టు, మెడకు ఎర్రని కండువా. వారిలో ఒక్కరూ మంచు చూసినవారు కారు. ఒమానులో మంచు అసలు పడదని కాదు, జబల్ షమ్స్ శిఖరం మీద ఏ కొన్నేళ్ళకో ఒకసారి తెల్లగా రాలుతుంది. కాని ఆ మంచుమనిషి జబల్ షమ్స్ నుంచి దిగివచ్చినవాడు కాడు. చలిదేశాల్లో అచ్చయిన పుస్తకాల్లోంచి వచ్చాడు. ఇల్లు వేయమన్నా అంతే. ఏటవాలు కప్పు, దానిమీద పొగగొట్టం. మస్కటు ఇళ్ళు చదునైన మేడలు, వాటిమీద నీళ్ళట్యాంకులు ఉంటాయి. రోజూ చూసే ఆ ట్యాంకు ఒక్క బొమ్మలోనూ లేదు. ఒక బడివారు పెట్టిన పోటీలో అలాంటి పొగగొట్టం ఇంటికే మొదటి బహుమతి వచ్చిందని తరువాత తెలిసింది.

పిల్లల చేయి బాగానే ఉంది, కన్ను మాత్రం అరువు తెచ్చుకొన్నది. మన భాషలో ఈ కన్ను ఎలా తయారైందో చూద్దాం.

తెలుగువాడు పిల్లవాడికి ప్రకృతిని పరిచయం చేసే పద్ధతి ఒకటున్నది. దానికి చుట్టరికం కలుపుతాడు. ఆకాశంలో కనిపించేది ముందు మేనమామ, ఆ తరువాతే గ్రహమో ఉపగ్రహమో. చందమామ అన్న మాటను మనం ఎంత తరచుగా వాడుతున్నామంటే అందులోని చమత్కారం మనకు వినబడడమే మానేసింది. అమ్మకు అన్నో తమ్ముడో అయినవాడు, అడిగితే కాదనలేనివాడు, రాత్రిపూట వచ్చి పొద్దున వెళ్ళిపోయేవాడు! నక్క బావ అయింది, కోతి బావ అయింది. ఇంటి చూరుమీద వాలేది కాకమ్మ. ఎండ కాస్తూండగా చినుకులు పడితే కుక్కకూ నక్కకూ పెళ్ళి అంటారు. ఎంత చక్కని బొమ్మ అది! పెళ్ళిపీటలు, బాసికాలు, పైన ఎండ, పైన వాన, పందిట్లో తోకలూపుతున్న చుట్టాలు. ఋతువు, కుటుంబం ఒకే వాక్యంలో ఇమిడిపోయాయి. దాన్ని ఏ చిత్రకారుడూ కనిపెట్టలేదు, పేరు తెలియని ముసలమ్మ ఎవరో వాకిట్లో కూర్చుని అన్నమాట.

ఇంతకన్న పాత సాక్ష్యం తోలుబొమ్మలాటలో ఉన్నది. మేకతోలును పలచన చేసి, రంగులద్ది, దీపం ముందు ఆడించే ఆ బొమ్మల్లో రాముడు, రావణుడు గంభీరంగా యుద్ధం చేస్తూండగా మధ్యలో కేతిగాడు దూరుతాడు. వెనకాలే బంగారక్క వస్తుంది, జుట్టుపోలిగాడు వస్తాడు. వాళ్ళది సంసారపు తగువు. వాళ్ళ హాస్యం కొన్నిచోట్ల మోటుగా ఉంటుంది, పిల్లలముందు అన్నీ చెప్పదగినవి కావు. అయినా రామాయణం మధ్యలో ఇంటి గొడవను బొమ్మగా నిలబెట్టి పిల్లలను నవ్వించినవారు వారే. ఈనాటికీ శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంటలో ఆ విద్య బ్రతికి ఉన్నది. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది.

ఇక బొమ్మల కొలువు. కోస్తాలో సంక్రాంతికి, మరికొన్ని చోట్ల దసరాకు ఇంట్లో మెట్లు కట్టి బొమ్మలు పేరుస్తారు. ఎన్టీఆర్ జిల్లా కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసిన దశావతారాలూ, అంబారీ ఏనుగూ, తాటిచెట్టు ఎక్కే మనిషీ ఒకే మెట్టుమీద కూర్చుంటాయి. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరగలిపట్టి, లక్క పూసి చేసిన బుల్లి కుండలూ, తిరగళ్ళూ ఆడపిల్లలకు వంటిల్లుగా వచ్చాయి. కొండపల్లి బొమ్మకు 2007లోను, ఏటికొప్పాక బొమ్మకు 2017లోను భౌగోళిక గుర్తింపు లభించింది. 2025 జనవరిలో ఢిల్లీ గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఈ ఏటికొప్పాక బొమ్మలే. దేవుళ్ళ పక్కన గేదె, గేదె పక్కన చల్ల చిలికే అత్తగారు, ఆవిడ పక్కన పోలీసు. కొలువులో ఎవరు ఎవరి పక్కన ఉండాలో నిర్ణయించేది ఇంట్లో పిల్లలే. ఆ స్వేచ్ఛనుంచే కొంటెతనం పుడుతుంది. మా ఇంట్లో మూడేళ్ళపాటు ఆంజనేయుడు రైలుబండికి డ్రైవరుగా ఉన్నాడు. తాతగారు చూసి ఏమీ అనలేదు.

ఇవి కొనే బొమ్మలు. పైసా ఖర్చులేనివి ఋతువులతోపాటే వచ్చేవి. ఎండాకాలంలో ముంజలు తిని పారేసిన తాటికాయలే చక్రాలు, వాటికి పుల్ల గుచ్చితే బండి. వానాకాలంలో కాగితపు పడవ. వినాయక చవితికి పాలవెల్లికి వ్రేలాడే మొక్కజొన్న పొత్తులు, వెలగకాయలు. తెలంగాణలో తంగేడు, గునుగు పూలు వరసలు వరసలుగా పేరిస్తే అది బతుకమ్మ, సాక్షాత్తు అమ్మవారు! తెల్ల గునుగుకు రంగులద్దడం ఇంటిల్లిపాదికీ పని. ధనుర్మాసమంతా వాకిట్లో ముగ్గులు, చివర రథం ముగ్గు. ఆ రథానికి తాడు గీసి పక్కింటి ముగ్గుదాకా లాగుతారు, వారు తమ రథం తాడు ఆ పక్కింటికి లాగుతారు. వీధి వీధంతా ఒక బొమ్మ అవుతుంది. పొద్దున్నే పాలవాడి సైకిలు దానిమీదుగా పోతుంది.

అచ్చులోకి ఈ సంపద ఎప్పుడు వచ్చింది? మద్రాసులో రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రిక ప్రారంభించారు. ఆ పేర్లలోనే చుట్టరికం ఉన్నది చూడండి. పిల్లలకు రేడియోలో మాట్లాడిన పెద్దలు అన్నయ్య, అక్కయ్య అనిపించుకొన్నారు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ‘చందమామ’ను తెలుగులోను, తమిళంలోను తెచ్చారు. చిత్రా అని సంతకం చేసిన టి.వి. రాఘవన్, ఎం.టి.వి. ఆచార్య, శంకర్ గార్లు దానికి బొమ్మలు వేశారు. భేతాళుణ్ణి భుజాన వేసుకొని కత్తి దూసి నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్‌గారిది. ఆయన తమిళులు, 1924లో పుట్టి 2020లో తొంభయ్యారవ ఏట కన్నుమూశారు. దాసరి సుబ్రహ్మణ్యంగారి మాంత్రికుల సీరియళ్ళకు చిత్రాగారి భయంకర మృగాలు ఉండేవి. ఆ మృగాలకు జడిసి దుప్పటి ముసుగు పెట్టినవారు ఈ సంచిక చదువరుల్లో కనీసం సగంమంది ఉంటారని నా అంచనా.

ఇక్కడ ఒక మాట. తెలుగు పిల్లల మనసుల్లో తెలుగు పల్లెగా నిలిచిపోయిన పెంకుటింటి అరుగునూ, బావినీ, రావిచెట్టునూ గీసిన చేతులు చాలావరకు తమిళ చేతులు. వారు తమ ఊరినే గీశారు, మనకు అది మన ఊరిలా కనిపించింది. అరుగు ఒకటే, ఎండ ఒకటే, అమ్మమ్మ ఒకటే. చూసి వేసినది ఎవరు వేసినా మనదవుతుంది అనడానికి ఇంతకన్న ఋజువు అక్కరలేదు. ‘చందమామ’ 2010ల మొదట్లో ఆగిపోయింది. పాత సంచికలు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి.

కుటుంబం నుంచి కొంటెబొమ్మ పుట్టడానికి మాత్రం బాపు-రమణలే అసలు ఉదాహరణ. ముళ్ళపూడి వెంకటరమణ 1931లో ధవళేశ్వరంలో పుట్టారు. బాపుగా ప్రసిద్ధులైన సత్తిరాజు లక్ష్మీనారాయణ 1933లో నరసాపురంలో పుట్టారు. మద్రాసులో బడిలో స్నేహితులయ్యారు. చిన్నతనంలోనే ‘బాల’ పత్రిక వీరికి చోటిచ్చింది. బాపుగారు లా చదివారు గాని నల్లకోటు వేయలేదు, తెలుగువారి అదృష్టం. 1956-57లో ఆంధ్రపత్రిక వారపత్రికలో ‘బుడుగు’ వచ్చింది. మాటలు రమణగారివి, గీతలు బాపుగారివి.

బుడుగు ఏ మాయా ద్వీపానికీ వెళ్ళలేదు. అతని లోకమంతా ఒక మధ్యతరగతి ఇల్లు. అందులో బామ్మ, రాధ అనే అమ్మ, గోపాలం అనే నాన్న, బాబాయి ఉంటారు. బయట ప్రైవేటు మాష్టారు, రెండుజెళ్ళ సీత, స్నేహితురాలు సీగానపెసూనాంబ. పక్కింట్లో ఒకాయన ఉంటాడు, ఆయనకు సొంత పేరే లేదు. పక్కింటి లావుపాటి పిన్నిగారి మొగుడు, అంతే! పిల్లవాడి లెక్కలో మనిషికి పేరు ముఖ్యం కాదు, ఎవరికి ఏమవుతాడన్నదే ముఖ్యం. చంద్రుణ్ణి మామ చేసిన బుద్ధే ఈ పొరుగాయనను పిన్నిగారి మొగుణ్ణి చేసింది. ఈ వరసలోనే హాస్యం ఉన్నది, ఆ హాస్యాన్నే బాపుగారి గీత పట్టుకొన్నది. పెద్దల వ్యవహారాలు పిల్లవాడికి సగమే అర్థమవుతాయి. మిగతా సగం అతను ఊహించుకొంటాడు. ఆ ఊహించుకొన్న సగమే బొమ్మ.

బాపుగారికి విదేశాల చిత్రకారులు తెలియక కాదు, బాగా తెలుసు. తమిళ చిత్రకారుడు గోపులును గురువుగా తలచేవారు. నేర్చుకొన్నది ఎక్కడైనా, గీసింది మాత్రం తన ఇంటి వసారానే. ఇప్పుడు ఆయన చేతివ్రాత కూడా కంప్యూటరు అక్షరాలుగా మారి మన శుభలేఖలమీదికి ఎక్కింది. రమణగారు 2011లోను, బాపుగారు 2014లోను వెళ్ళిపోయారు. వారిలో ఎవరు గొప్ప అని మా తరగతిలో పిల్లల తండ్రులు ఒకసారి వాదించుకొన్నారు. ఆ వాదన తేలేది కాదు, నేను లెక్కల తరగతికి వెళ్ళిపోయాను.

ఋతువుల వైపు చూస్తే వడ్డాది పాపయ్యగారు. 1921లో శ్రీకాకుళంలో జన్మించారు, తండ్రిగారి దగ్గర ఇంట్లోనే చిత్రకళకు ఓనమాలు దిద్దారు. ‘వపా’ అన్న రెండక్షరాల సంతకం కింద ‘చందమామ’ ముఖచిత్రాలు, ‘యువ’ పత్రికలోని చిత్రాలు దశాబ్దాలపాటు తెలుగిళ్ళకు వచ్చాయి. చాలా ఇళ్ళల్లో వాటిని కత్తిరించి అద్దాలు కట్టించుకొన్నారు. చివరి రోజుల్లో కశింకోటలో ఉండి 1992 డిసెంబరులో కన్నుమూశారు. ఆయనవి కొంటెబొమ్మలు కావు, ఆ మాట ఒప్పుకోవాలి. కాని పిల్లలకు ఋతువు అంటే ఏమిటో చూపించడంలో ఆయనకు సాటి లేరు. పాఠ్యపుస్తకంలో శరదృతువు అంటే ఆశ్వయుజ కార్తిక మాసాలు. పాపయ్యగారి చేతిలో అది ఒక అమ్మాయి. ఆమెకు చీర రంగు ఉన్నది, చుట్టూ ఆ నెలలో పూచే పూవే ఉన్నది, వెనకాల ఉత్తరాంధ్ర కొండలు ఆ నెలలో కనిపించే రంగులోనే ఉన్నాయి. ఋతువును ఇంటి ఆడపడుచులా గుమ్మంలో నిలబెట్టారు. ఆ పద్ధతి పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. ఎండాకాలం ఎవరిలా ఉంటుందని అడిగి చూడండి, తడుముకోకుండా చెబుతారు. మా తరగతిలో ఒక పాప, మా పెద్దత్తలా ఉంటుంది, వస్తే ఓ పట్టాన వెళ్ళదు అన్నది. ఆ పెద్దత్తగారు ఎవరో నాకు తెలుసు, చెప్పను.

మరి ఒమానులో ఋతువులేవి? ఇదే చాలామంది తల్లిదండ్రులు అడిగే ప్రశ్న. ఇక్కడ వసంతం లేదు, వర్షం లేదు, ఆరు ఋతువులను ఎక్కడ చూపిస్తాం మాష్టారూ అంటారు. వేమన పద్యంలాగ ఆరు పేర్లూ కంఠస్థం చేయించి, సాంస్కృతిక ఉత్సవంలో వేదికమీద చెప్పించి సంతృప్తి పడతారు. నాకు ఈ కంఠస్థపు ఋతువులమీద గౌరవం లేదు. పేరు తెలిసి ముఖం తెలియని చుట్టం ఎందుకు?

ముఖం తెలియాలంటే ఇక్కడి ఏడాదినే చూడాలి. ముందు ఒక మాటతో మొదలుపెడతాను. మన రైతులు ఖరీఫ్ పంట, రబీ పంట అంటారు. గోదావరి జిల్లాల్లో సార్వా, దాళ్వా అన్నా, తెలంగాణలో ఇప్పుడు వానాకాలం, యాసంగి అన్నా, ప్రభుత్వ కాగితాల్లో చాలాకాలం నలిగినవి ఖరీఫ్, రబీ. ఈ రెండూ అరబ్బీ మాటలు. అరబ్బీలో ఖరీఫ్ అంటే శరత్కాలం, రబీ అంటే వసంతం. పారశీకం రాజభాషగా ఉన్న రోజుల్లో భూమిశిస్తు లెక్కలతోపాటు మన ఊళ్ళలోకి వచ్చి స్థిరపడ్డాయి. అదే ఖరీఫ్‌ను మన పిల్లలు సలాలాలో చూస్తున్నారు! జూన్ చివర మొదలై సెప్టెంబరు దాకా ధోఫార్ కొండలమీద పొగమంచు, సన్నతుంపర, పచ్చగడ్డి, అడ్డం వచ్చే ఒంటెలు. అరటితోటలూ, కొబ్బరిచెట్లూ, రోడ్డుపక్క కొబ్బరిబొండాల దుకాణాలూ చూస్తే కోనసీమవాడు తన ఊరు చేరానని భ్రమపడతాడు. సలాలాకు ఆ తుంపర తెచ్చేదీ, ఆంధ్రదేశానికి తొలకరి తెచ్చేదీ ఒకటే నైఋతి గాలి. తాతగారి ఖరీఫ్‌లో నారుమడి, మనుమడి ఖరీఫ్‌లో ఒంటె. ఈ రెంటినీ ఒకే కాగితంమీద వేయమన్నాను. ఒంటె నాట్లు వేస్తున్న బొమ్మ ఒకటి వచ్చింది. ఒంటెకు తలపాగా కూడా ఉన్నది.

ఎండల సంగతి వేరే చెప్పాలా? రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని మన సామెత. 2018 జూన్ 26న మస్కటుకు దగ్గర ఉన్న కురియాత్‌లో రాత్రీ పగలూ కలిపి ఇరవైనాలుగు గంటల్లో ఒక్కసారి కూడా ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలకు దిగువకు రాలేదు. మన పంచాంగం ప్రకారం అది ఆర్ద్ర కార్తె, నాట్లకు అదను! రోలు అంటే మన పిల్లలకు తెలియదు. ఆ సామెత చెప్పి, రోలు చూపించి, పగిలిన రోలు ఏమంటుందో వేయమంటే, కట్టు కట్టుకొని ఆస్పత్రి మంచంమీద పడుకొన్న రోలును వేశారు. పక్కన రోకలి నారింజపళ్ళు పట్టుకొని పరామర్శకు వచ్చింది. ఆ రోజు తరగతిలో రోలు, రోకలి, పరామర్శ అన్న మూడు మాటలు ఎవరూ కంఠస్థం చేయలేదు, ఎవరూ మరచిపోనూ లేదు.

ఎండలు ముదిరిన వేళే ఖర్జూరం పండుతుంది. షర్ఖియా ప్రాంతంలో మబ్సలీ రకం కాయలను పెద్దపెద్ద రాగి కాగుల్లో ఉడకబెట్టి ఎండబెడతారు, దానిని తబ్సీల్ అంటారు. కుటుంబమంతా కలిసి చేసే పని. పూర్వం ఆ ఎండు ఖర్జూరం ఓడలమీద భారతదేశానికి వెళ్ళేది. మన కిరాణా కొట్టు సీసాల్లో గట్టిగా ముడతలు పడి ఉండే ఎండు ఖర్జూరం అలాంటిదే. మార్చి, ఏప్రిల్ నెలల్లో జబల్ అఖ్దర్ మీద గులాబీలు పూస్తాయి, వాటిని బట్టీపెట్టి పన్నీరు తీస్తారు. ఉగాదికి మస్కటు వీధుల్లో వేపచెట్టు పూతకు రావడం మీరెవరైనా గమనించారా? ఉగాది పచ్చడికి పువ్వు కోసం బజారులో వెతికేవారు తలెత్తి చూస్తే చాలు. వాదీల ఒడ్డున పెరిగే సిద్ర్ చెట్టు మన రేగుకు అన్నదమ్ముల వరస, దాని తేనెకు ఒమానులో గొప్ప పేరు. మామిడిని ఇక్కడివారు అంబా అంటారు. రంజాను నెల నడుమ ఖరన్‌ఖషో రాత్రి ఒమానీ పిల్లలు గవ్వలూ రాళ్ళూ తాళంలా కొడుతూ ఇంటింటికీ వెళ్ళి మిఠాయిలు అడుగుతారు. మన గొబ్బిపాటల పిల్లలకూ వీరికీ పోలిక చెప్పనక్కరలేదు. చలికాలంలో కొండలమీద వాన కురిస్తే, చుక్క పడని చోటికి కూడా వాదీ పరుగెత్తుకొస్తుంది. పిల్లలు దాన్ని జడలు విప్పుకొని పరుగెత్తే అమ్మాయిగా వేస్తారు. పాపయ్యగారు చూస్తే సంతోషించి ఉండేవారు.

ఇక ఇల్లు. సుల్తాన్ ఖాబూస్ 1970లో అధికారానికి వచ్చాక రోడ్లు, ఆస్పత్రులు, బడులు కట్టడం వేగంగా మొదలైంది. ఆ పనులకోసం వచ్చిన మనవారి పిల్లలు ఇక్కడే చదువుకొన్నారు, వారి పిల్లలు ఇప్పుడు నా తరగతిలో ఉన్నారు. వీరి కొలువులో అంబారీ ఏనుగు బదులు మంచినీళ్ళు తెచ్చే నీలం ట్యాంకరు ఉంటుంది. దానికి తొండం పెట్టింది మా రెండో తరగతి పిల్ల. ఏసీ డబ్బా గురకపెట్టే తాతయ్య అయింది, నీళ్ళు కారుతున్న ముక్కుతో సహా. కుక్కరు మూడుసార్లు అరిచే మేనత్త అయింది. ఇవి బుడుగు వీధిలోవే.

ఒక చిన్నది కుటుంబం బొమ్మ వేసింది. అమ్మ, నాన్న, తమ్ముడు నిలబడి ఉన్నారు. బామ్మ మాత్రం నిలువుపాటి డబ్బాలో, నడుముదాకానే ఉన్నది. ఆ పిల్లకు బామ్మ అంటే ఫోనులో కనిపించే ముఖం. డిసెంబరులో బామ్మ నిజంగా మస్కటు వచ్చినప్పుడు ఆ పిల్ల మొదట చూసింది ఆవిడ కాళ్ళనట. ఇల్లంతా నవ్వారు. బామ్మగారు నవ్వలేదని తల్లి నాతో చెప్పింది.

దీనికి అవతలి వైపు కూడా ఒకటున్నది. మన సంఘంలో సభ్యత్వం లేని తెలుగువారు ఈ దేశంలో ఎందరో. జగిత్యాల, నిజామాబాదు, సిరిసిల్ల ప్రాంతాలనుంచి వచ్చి క్యాంపుల్లో ఉండే కూలీలు, కడప నుంచీ కోనసీమ నుంచీ ఇళ్ళల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళు. వారి పిల్లలు అక్కడే ఉండిపోతారు. మా మేనకోడలు కోనసీమలో బడి పంతులమ్మ. ఆమె తరగతిలో ఒక పిల్లవాడు తన ఇంటి బొమ్మ వేశాడట. ఇంటిముందు తాను, అమ్మమ్మ, మేక. పైన విమానం, దాని కిటికీలోంచి అమ్మ చేయి మాత్రం కిందికి చాచి ఉన్నది. ఆ చేయి విమానం కన్న పొడుగు, అమ్మమ్మ దాకా వచ్చి ఆమె తలకు నూనె రాస్తోంది. మా మేనకోడలు ఆ బొమ్మను ఫోటో తీసి పంపింది. నేను మా తరగతిలో చూపించాను. ఎవరూ నవ్వలేదు. ఒక పిల్లవాడు మాత్రం, ఆ అమ్మ మన ఊళ్ళోనే ఉందా మాష్టారూ అని అడిగాడు. ఎక్కడో ఇక్కడే ఉన్నదని చెప్పాను. తరువాతి వారం వాడు అదే బొమ్మను ఇటువైపు నుంచి వేసుకొని వచ్చాడు. మస్కటు కొండ, మేడమీద బట్టలు ఆరవేస్తున్న ఒక అమ్మ, ఆమె ఆరవేసే చొక్కాల్లో ఒకటి చాలా చిన్నది.

కొందరు తల్లిదండ్రులు బొమ్మలతో కాలం వృథా అవుతోందనీ, ఆ అరగంటా గుణింతాలు దిద్దిస్తే బాగుండుననీ అంటున్నారు. గుణింతాలు నేనూ దిద్దిస్తాను, వదలను. కాని వారానికి రెండు గంటల తెలుగులో పిల్లవాడికి తెలుగుమాట నోట రావలసిన అవసరం ఎక్కడ కలుగుతుంది? అన్నం ఇంగ్లీషులో అడిగినా పెడతారు. తాను వేసిన ఒంటె ఎందుకు తలపాగా చుట్టుకొన్నదో బామ్మకు చెప్పాలంటే మాత్రం తెలుగే కావాలి. బామ్మకు ఇంగ్లీషు రాదు గదా!

అందుచేత ఈసారి ఉత్సవంలో పిల్లల పోటీకి ఋతువుల పేర్లు ఒప్పజెప్పే అంశం తీసివేసి, బొమ్మల అంశం పెట్టవలసిందని కార్యవర్గాన్ని కోరాను, అంగీకరించారు. విషయాలు రెండే. మా ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారు అన్నది ఒకటి, ఈ నెలలో మా కిటికీలోంచి ఏమి కనిపిస్తుంది అన్నది రెండోది. రంగులు ఏవైనా వాడవచ్చు. చూసి వేయడానికి పుస్తకం తేకూడదు, తాతగారినీ బామ్మగారినీ వెంట తెచ్చుకోవచ్చు. వచ్చిన బొమ్మలన్నీ హాలు వెనుక గోడకు, పిల్లల కంటికి అందే ఎత్తులో అంటిస్తారు. ప్రతి బొమ్మ కిందా వేసినవారే తెలుగులో వ్రాసిన రెండు ముక్కలు ఉంటాయి. అక్షరదోషాలు నేను దిద్దలేదు. మీరూ దిద్దకుండా చదవండి.